మల్లికకు పడిన ఇరవై తొమ్మిది ఓట్లు

ఎల్లస్వామి ఆ రోజు పనికి పోలేదు. మున్సిపాలిటీ ఓట్ల రోజు కావడంతో పట్టణంలో ఎక్కడా తాపీ పని లేదు. జనవరి చలిలో భార్య సైదమ్మతో కలిసి బడి దగ్గరికి వచ్చి, ఆమెను ఆడవాళ్ళ వరుసలో నిలబెట్టి, తాను మగవాళ్ళ వరుసలో చేరాడు.

పక్క వరుసలోంచి బిక్షమ్మ పలకరించింది. "ఏమంటవు మేస్త్రీ, ఎవలు గెలుస్తరు?"

"ఇంకెవలు? బాలకృష్ణ సారు భార్యనే. గాలంత అటే ఉన్నది."

"నేను గదే అనుకుంటున్న. గెలువనోళ్ళకేసి ఓటు మురగబెట్టుకునుడెందుకు?"

ఆ పొద్దు ఆ రెండు వరుసల్లోనూ అదే ప్రశ్న ముందు నుంచి వెనక్కు, వెనక నుంచి ముందుకు తిరిగింది. ఎవరు గెలుస్తారని అందరూ అడిగారు. ఎవరు గెలిస్తే మనకు మేలని ఒక్కరూ అడగలేదు. అలాంటి వరుసలో మనమూ ఎప్పుడో ఒకప్పుడు నిలబడ్డవాళ్ళమే. అందుకే ఎర్రగుట్ట కాలనీ సంగతి చెప్పుకోవాలి.

మోత్కూరు నుంచి తిరుమలగిరి వైపు పోతుంటే వచ్చే ఒక చిన్న పట్టణం అది. పేరుతో పని లేదు. పంచాయతీగా ఉన్నది అప్పటికి కొద్ది కాలం కిందటే మున్సిపాలిటీ అయింది. ఎర్రగుట్ట కాలనీలో నూట తొంభై ఇళ్ళు. ఒకప్పుడు సెంటు భూమి లేని కుటుంబాలవి. ఇప్పుడు కూలీలు, మేస్త్రీలు, ఒకరిద్దరు టీచర్లు ఉన్నారు. గుడికి పోయేవాళ్ళూ, చర్చికి పోయేవాళ్ళూ కలిసే ఉంటారు. చనిపోయినవాళ్ళను మాత్రం అందరూ ఒకే చోట పూడుస్తారు. కాలనీ వెనక పన్నెండడుగుల బాట పట్టి పది నిమిషాలు నడిస్తే ఆ జాగా వస్తుంది.

ఆ బాటకు అటూ ఇటూ ఉన్న చెలకలను బాలకృష్ణ కొని వెంచర్ వేశాడు. రాళ్ళు పాతి, ప్లాట్లు చేసి, ఒకరోజు బాట మీదికి జేసీబీ పంపాడు. అప్పుడు దానికి అడ్డంగా నిలబడ్డది మల్లిక.

మల్లిక ఎమ్మార్వో ఆఫీసు ఎదుట జిరాక్స్ సెంటర్లో కంప్యూటర్ పని చేసేది. భర్త డానియల్ ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. కాలనీలో ఎవరికి రేషన్ కార్డు కావాలన్నా, పింఛను ఆగిపోయినా సాయంత్రం ఆమె గుమ్మం ముందుకే వచ్చేవారు. ఎల్లస్వామి తండ్రి పెద్దులుకు వేలిముద్రలు అరిగిపోయి ఎనిమిది నెలలు పింఛను రాకపోతే, ఆయనను వెంటబెట్టుకొని నల్లగొండ దాకా తిరిగింది ఆమే. జేసీబీ వచ్చిన మర్నాడు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి, ఊరి పాత పటమైన గ్రామ నక్ష నకలు తెప్పించింది. నక్షలో బాట స్పష్టంగా ఉంది. అధికారులు పని ఆపించారు. బాటను ఉంచాలా, మార్చాలా అన్నది మున్సిపల్ కౌన్సిల్ తేల్చాలని కాగితం రాశారు. కౌన్సిల్‌కు ఎన్నికలు అప్పుడే వచ్చాయి. వార్డు ఆడవాళ్ళకు రిజర్వయింది.

బాలకృష్ణ తన భార్య సుహాసినిని ఒక పార్టీ తరఫున నిలబెట్టాడు. కాలనీవాళ్ళు మల్లికను ముందుకు తోశారు. "నువ్వే నిలబడాలె చెల్లె, మేమంత లేమా?" అన్నవాళ్ళలో ఎల్లస్వామి గొంతే పెద్దది.

ఆమె ఇంటింటికీ తిరిగింది. ఎల్లస్వామి ఇంటి ముందు నిలబడి, "అన్నా, మీ ఇంట్ల మూడు ఓట్లు నాకేనా?" అని నవ్వుతూ అడిగింది.

"గది అడగాల్నా? నీకే" అన్నాడు ఎల్లస్వామి. మనస్ఫూర్తిగానే అన్నాడు. ముందురోజు బాలకృష్ణ మనుషులు డబ్బు పంచుతూ వస్తే తలుపు దగ్గరే వద్దని తిప్పి పంపినవాడు అతడు. అమ్ముడుపోయే మనిషి కాదు.

మరి లోపలికి పోయి, బ్యాలెట్ కాగితం పరుచుకొని, ముద్ర చేతిలోకి తీసుకున్నాక ఏమైంది? మల్లిక గుర్తు కుట్టుమిషన్ చివర్న ఉంది. అతని చేయి దాని మీదికే పోయింది. అంతలో వరుసలో విన్న మాటలన్నీ చెవిలో మోగాయి. ఆమెకు పట్టుమని పదిమందైనా వేస్తారా? నా ఒక్కడి ఓటుతో గెలుస్తదా? గెలిచేవాళ్ళకు వేస్తే రేపు ఏదైనా పనిబడి పోయినప్పుడు మొహం చెల్లుతుంది గదా! చేయి పైకి జరిగింది. సుహాసిని గుర్తు మీద ముద్ర పడింది.

బయట సైదమ్మ ఎదురుచూస్తోంది. ఎవరికి వేశావని ఆమె అడగలేదు, అతడూ అడగలేదు. ఇద్దరూ చలికాలం ఎండలో ఇంటికి నడిచారు.

మూడు రోజులకు జూనియర్ కాలేజీలో లెక్కింపు. మధ్యాహ్నానికి ఆ వార్డు ఫలితం మైకులో చెప్పారు. సుహాసినికి నాలుగు వందల అరవై మూడు. రెండో పార్టీ అభ్యర్థికి రెండు వందల యాభై ఒకటి. మల్లికకు ఇరవై తొమ్మిది. డిపాజిట్ దక్కలేదు.

గేటు ముందు పటాకులు పేలాయి. గులాల్ లేచింది. ఎవడో, "ఇరవై తొమ్మిదా? ఆమె చుట్టాలు గూడ వెయ్యనట్టున్నది!" అని గట్టిగా నవ్వాడు. పక్కవాళ్ళూ నవ్వారు. ఆ నవ్వినవాళ్ళలో ఎర్రగుట్ట కాలనీ మనుషులూ ఉన్నారు.

లోపల ఏజెంటుగా కూర్చున్న డానియల్ ముందు బయటికి వచ్చాడు. అతని వెనకే మల్లిక. ముఖం కడుక్కొని వచ్చినట్టుంది, కొంగు తడిగా ఉంది. ఎల్లస్వామి పక్కకు తప్పుకోబోయాడు కానీ ఆమె చూసింది. దగ్గరికి వచ్చి, "పొద్దటి నుంచి ఈడనే ఉన్నవా అన్నా? తిన్నవా?" అని అడిగింది.

"తిన్న చెల్లె" అన్నాడు. తినలేదు. ఆమె ఇంకేదైనా అడిగి ఉంటే, తిట్టి ఉంటే బాగుండునని చాలాకాలం అనుకున్నాడు.

ఇక ఆ బాట సంగతి. ప్రమాణస్వీకారం అయిన కొద్ది నెలలకు కౌన్సిల్ ముందుకు ఆ కాగితం వచ్చింది. కాలనీవాళ్ళు పదిమంది సుహాసిని ఇంటికి వెళ్ళారు. ఆమె చెడ్డ మనిషి కాదు. అందరినీ కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పింది విని, "నక్షల ఉన్నదంటున్రు గదా, మరి జరంత ఆలోచన చేసి..." అని మొదలుపెట్టింది.

పక్క కుర్చీలో బాలకృష్ణ ఫోన్లోంచి తలెత్తాడు. "చాయ్ పెట్టు పో" అన్నాడు. ఆమె లేచి లోపలికి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు; చాయ్ పనిమనిషి తెచ్చింది. "మెయిన్ రోడ్డు మీదికెల్లి తొవ్వ ఉన్నది గదా! గంత దానికి ఫికర్ ఎందుకు?" అని బాలకృష్ణ వాళ్ళను సాగనంపాడు. కౌన్సిల్‌లో చేతులెత్తినప్పుడు సుహాసిని చేయి కూడా లేచింది. వేరే దారి ఉంది కనుక బాట అక్కర్లేదని తీర్మానమైంది.

వెంచర్ చుట్టూ ప్రహరీ మొదలైంది. దాని పనికి పిలిచింది ఎల్లస్వామినే.

అతడు రెండు రోజులు పోలేదు. మూడో రోజు సైదమ్మ, "పోకు, గా గోడ మనకొద్దు" అంది.

"నేను కట్టకుంటే ఆగుతదా? ఇంకొకడు కడ్తడు" అని తాపీ, తూకపుగుండు సంచిలో వేసుకున్నాడు.

ఓటు వేసిన రోజు తనలో తాను అనుకున్న మాటే మళ్ళీ అంటున్నానని అతనికి అప్పుడు తెలియలేదు. వారం రోజుల్లో బాట మీద గోడ లేచింది. వంకర లేని గోడ. ఎల్లస్వామి పనితనం అందరికీ తెలిసిందే.

ఆ ఏడే డానియల్ బడి మూతపడింది. కల్వకుర్తిలో ఒక బడిలో పని దొరికితే కుటుంబం అక్కడికి వెళ్ళిపోయింది. పోయేటప్పుడు కాలనీలో ఎవరూ ఉండమని గట్టిగా అనలేకపోయారు. ఏ ముఖంతో అంటారు?

మూడో ఏటి వానాకాలంలో పెద్దులు చనిపోయాడు. ఉదయం గటక తాగి, మంచంలో ఒరిగి, అట్లాగే వెళ్ళిపోయాడు. సాయంత్రానికి పాడె లేచింది. డప్పులు ముందు నడిచాయి. అలవాటుగా కాళ్ళు కాలనీ వెనక్కే పోయాయి. గోడ అడ్డం వచ్చి అందరూ ఆగారు.

గోడకు అవతల, ఎగిరి చూస్తే కనిపించే దూరంలో, పెద్దులు భార్యను పూడ్చిన చోటు ఉంది. ఎల్లస్వామి పాడె కింద భుజం పెట్టి, తాను పేర్చిన ఇటుకల ముందు నిలబడ్డాడు. ముందున్నవాళ్ళు పాడెను వెనక్కి తిప్పారు.

మెయిన్ రోడ్డు మీదుగా మూడు కిలోమీటర్లు. సన్నటి వాన. ఇసుక లారీలు హారన్ కొడుతూ బురద చిమ్ముకుంటూ పోతున్నాయి. ఒకచోట లారీకి తప్పుకోబోయి పాడె పక్కకు ఒరిగింది. సైదమ్మ కెవ్వున అరిచి ఎదురెళ్ళి రెండు చేతులతో మామను పట్టుకుంది. చెప్పులు తెగిపోయి, తడిసి, ముసలివాళ్ళు సగం దారిలోనే ఆగిపోయి, చివరికి ఇరవైమంది మాత్రమే ఆ జాగా చేరారు.

అక్కడ మల్లిక నిలబడి ఉంది. కబురు అంది కల్వకుర్తి నుంచి బస్సెక్కి నేరుగా వచ్చింది. అందరితోపాటు గుప్పెడు మట్టి వేసింది.

అంతా అయ్యాక జనం కాళ్ళు కడుక్కుంటుంటే బిక్షమ్మ ఏడుస్తూ ఆమె చేయి పట్టుకుంది. "నీకే వెయ్యాల్ననుకున్న బిడ్డా. ఎవలు వేస్తలేరన్నరని నేను గూడ..."

"నేను గంతే" అంది సైదమ్మ తల వంచుకొని. ఎల్లస్వామి భార్య వైపు చూశాడు. మూడేళ్ళుగా ఒకే కప్పు కింద ఇద్దరూ ఒకే తప్పు దాచుకున్నారు. డప్పు కొట్టినతను తానూ అంతే అన్నాడు. ఇంకొకరన్నారు. అక్కడున్న ఇరవైమందిలో పద్నాలుగు మంది అదే మాట చెప్పారు. ప్రతి ఒక్కరూ ఆమెనే కోరుకున్నారు, ప్రతి ఒక్కరూ మిగతావాళ్ళు వేయరని ఆమెను వదిలేశారు.

"చెల్లె, వచ్చే ఓట్లకు మళ్ళ నిలబడు" అన్నాడు ఎల్లస్వామి. "ఈసారి నేను ఇల్లిల్లు తిరుగుత."

మల్లిక తల అడ్డంగా ఊపింది.

"లేదన్నా. మీ మీద కోపం లేదు. గని గా దినం కెల్లి ఎవలన్న 'నీకే' అంటే నమ్మబుద్ధి అయితలేదు. మనుషులను నమ్మలేనిదాన్ని కౌన్సిలర్నై ఏం జేస్త?" ఆమె కొంగుతో తల తుడుచుకుంది. "నక్ష నకలు ఇంకా నా దగ్గరనే ఉన్నది. ఎవలకు కావాల్నన్నా ఇస్త."

బస్సుకు టైమవుతోందని ఆమె రోడ్డు వైపు నడిచింది. వెంట పోయి ఆపడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు.

ఒక ఊరు మంచి మనిషిని పోగొట్టుకోవడానికి పెద్ద శత్రువెవరూ అక్కర్లేదు. ఎర్రగుట్ట కాలనీలో డబ్బుకు లొంగనివాళ్ళూ, బెదిరింపులకు జంకనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళే ఆమెను ఓడించారు. తన చేయి ఒక్కటే ఏం చేస్తుందని అనుకున్నవాళ్ళ చేతులే ఆ గోడనూ కట్టాయి.

ఎల్లస్వామి, తన తండ్రి మీది తడి మట్టిని చూస్తూ, తనవాళ్ళందరికీ వినబడేలా అన్నాడు. "మనం గా రోజు ఓట్లు వెయ్యలే, పందెం కాసినం. ఎవలు గెలుస్తరో చూసి వేసేది పందెం. ఎవలు గెలవాల్నో తలుచుకొని వేసేదే ఓటు."