అద్దం మీది పేరు

మా పికప్ బండి ముందద్దం మీద నా పేరుండేది. బండి కొన్నప్పుడు మా ఆయన వెంకటనారాయణ పెయింటరును పిలిచి ఎర్రరంగుతో 'పద్మావతి' అని రాయించారు. రాయించింది బయటివైపు. నేను కూర్చునేది లోపల. బడి ముఖం చూడని దాన్ని. పినపాక నుంచి భద్రాచలం దాకా ఎదురుగా కనబడే ఆ గీతలను చూసి చూసే నా పేరు నేర్చుకున్నాను.

పొదుపు సంఘానికి నన్ను పెద్దగా పెట్టినప్పుడు బయటపడ్డాయి తిప్పలన్నీ. సంఘంలో చదువొచ్చిన ముత్తక్క పలక ఇస్తే నా పేరు గబగబా రాసి చూపించాను. ఆమె పలకను అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఏందక్కా గిది? అక్షరాలన్నీ ఎనక్కి తిరిగి పండుకున్నయ్!"

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. ముత్తక్క దాని పక్కనే నా పేరు సరిగ్గా రాసి చూపించింది. సోమవారం భద్రాచలం ఆఫీసులో అందరి ముందూ సంఘం కాగితం మీద సంతకం పెట్టాలి. వేలిముద్ర వేసేది లేదని అప్పటికే గొప్పలు పోయి ఉన్నాను. సరిగ్గా రాద్దామని కూర్చుంటే చెయ్యి మళ్లీ పాత దారినే పోయేది.

ఆ వారమే అద్దం ఊడదీయాల్సి వచ్చింది. దాని చుట్టూ ఉన్న రబ్బరు ఎండి పగుళ్లిచ్చింది. వాన పడితే నీళ్లన్నీ నా ఒళ్లోకే. మెకానిక్ పగిడయ్య లోపల కూర్చుని చెంచా కాడతో రబ్బరు అంచు లేపుకుంటూ పోయాడు. మా ఆయన బయట చేతులు చాచి నిలబడ్డారు.

"జర పైలం అయ్యా. బండి ముసల్ది. ఇది పలిగితే గిసుంటి అద్దం యాడ దొర్కదు," అన్నాడు పగిడయ్య.

"నువ్ తొయ్యి, నేను పడ్తా గాని."

అద్దం క్షేమంగా దిగింది. చట్రానికి పట్టిన తుప్పు గీకి రంగు వేశారు. కొత్త రబ్బరు జారుతూ ఎక్కాలని నేను కుంకుడు నురుగు చేసిచ్చాను. రబ్బరును అద్దానికి తొడిగి, దాని గాడిలో తాడు పెట్టి, లోపలి నుంచి ఆ తాడు లాగితే అంచు రేకు మీదికి ఎక్కుతుందట. పగిడయ్య తెచ్చిన తాడు పుటుక్కున తెగింది.

"అక్కా, పాత లంగా నాడా ఏమన్న ఉన్నదా?"

"లంగా నాడాతోని బండి నడిపేది మనమే ఉంటం," అని మా ఆయన ఒకటే నవ్వు.

నాడా తెగలేదు. పగిడయ్య లోపల లాగుతుంటే మా ఆయన బయట అరచేతులతో చరిచారు. అద్దం కూర్చుంది. నురుగు తుడిచి, రెండడుగులు వెనక్కి వేసి, ఆయన నెత్తి కొట్టుకున్నారు.

"ఓరి పగిడిగా! పేరు తిరగబడ్డదిరా!"

అటూ ఇటూ ఒకేలా ఉండే చదును అద్దం. నురుగులో ఏది లోపలో ఏది బయటో ఎవరూ చూసుకోలేదు.

"మల్ల తీస్త గాని అయ్యా, ఈసారి పలగదని మాటియ్యలేను."

నేను ఎక్కి నా చోట కూర్చున్నాను. ఎర్ర అక్షరాలు ముత్తక్క పలక మీద రాసి చూపినట్టే తిన్నగా ఉన్నాయి.

"తియ్యకుండ్రి. గట్లనే ఉండనియ్యండి," అన్నాను.

"ఊరంతా నవ్వుతదే!"

"నవ్వనీ. ఊరికి నా పేరు తెల్వదా ఏంది? రానిది నాకే."

సోమవారం దారి పొడుగునా అద్దం చూస్తూ అరచేతిలో వేలితో దిద్దుకున్నాను. ఆఫీసులో గుమాస్తా నన్ను చూడగానే వేలిముద్ర సిరా నా వైపు జరిపాడు.

"పెన్నియ్యి నాయనా," అన్నాను.

'వ' దగ్గర చెయ్యి వెనక్కి పోబోయింది. కళ్లు మూసుకుని అద్దాన్ని తలుచుకుని ముందుకు తిప్పాను.

అతను కాగితం తీసుకుని చదివాడు.

"పద్మావతి గారూ, తరువాతి ఆమెను రమ్మనండి."