ఇరవై ఒకటి పక్కన నాలుగు

కృష్ణకుమారి చెక్క స్కేలును ఒక్కో వరుస కిందికి జరుపుతూ ఆదివారం పరీక్షకు పేర్ల జాబితా సరిచూస్తోంది. స్కేలు దాటి కిందికి ముందే తొంగిచూడదు, దాటేసిన వరుసను మళ్లీ చూడదు. చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద నాలుగంతస్తుల కోచింగ్ సెంటర్లో మెట్ల కింద కంప్యూటర్ గది ఆమెది. మార్కుల జాబితాలు, గేటు పాసులు ఆమె పనే. యాభై ఒక్కేళ్లు, సగం నెరిసిన జడ, ఎడమ మణికట్టుకు నొప్పి పట్టీ. ఆమె ఇక్కడ పనిచేస్తున్న పంతొమ్మిదేళ్లలో ఎందరో పిల్లల ఫొటోలు ఫ్లెక్సీలకెక్కాయి. ఈమె పేరు మాత్రం హాజరు పుస్తకం దాటి బయటికి రాలేదు. రాకపోతే ఏం పోయింది! తన లెక్క తప్పదన్న పొగరు ఉండేది, అది చాలు ఆమెకు.

"మేడం, జర గీ గేటు పాసు మీద సంతకం పెట్టుండ్రి. బిడ్డను తీస్కపోతున్న."

గుమ్మంలో నిలబడ్డ మనిషి రాజు. చౌటుప్పల్‌లో ట్రాలీ ఆటో నడుపుతాడు. అతని వెనక కూతురు సౌజన్య, చేతిలో నీలం బకెట్, అందులో మగ్గు. హాస్టల్ పిల్ల బకెట్‌తో సహా బయటికొచ్చిందంటే ఇక తిరిగి రాదనే.

"ఏమైంది తమ్మీ?"

"మూడొందలకు నాలుగు మార్కులట అక్కా. ఆఖరి సెక్షన్ల ఏసిండ్రు. నాలుగు మార్కుల సదువుకు గింత దూరం ఎందుకు? ట్రంకుపెట్టె బండిల ఏసిన. ఊరికాడనే ఏదో సదువుకుంటది."

"నేను మంచిగనే రాసిన మేడం. చెప్తె ఒక్కరన్న నమ్ముతలేరు." ఆ పిల్ల గొంతులో ఏడుపు కన్నా కోపమే ఎక్కువ.

కృష్ణకుమారికి ఆ కోపం నచ్చింది. "కూసోండ్రి," అని మార్కుల అసలు ఫైలు తెరిచింది.

ఫలితాలన్నీ ప్రతి వివరానికీ మొదలు, పూర్తి అని గుర్తులుండే ఒకే పెద్ద ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా వస్తాయి. ఇదివరకు ఫైలు మొత్తాన్ని ఒకేసారి ఎక్కించి చదివేది. ఆరు బ్రాంచీలు కలిసి ముప్ఫై ఎనిమిది వేలమంది అయ్యేసరికి ఆమె పాత కంప్యూటర్ మొరాయించింది. అందుకని రెండు వారాల కిందట ప్రోగ్రాం మార్చి రాసింది. ఇప్పుడది ఫైలును పైనుంచి పారుతున్నట్టే చదువుతూ పోతుంది. విద్యార్థి మొదలు, పేరు, మార్కులు, విద్యార్థి పూర్తి అని, కండక్టరు స్టాపులు పిలిచినట్టు ఒక్కోటీ పిలుస్తుంది. పిలిచినప్పుడే అందుకోవాలి, బస్సు వెనక్కి రాదు.

ఫైల్లో సౌజన్య మార్కులు 214. తన ప్రోగ్రాం తీసిన మార్కుల జాబితాలో 4.

ప్రోగ్రాం తెరిచి ఒక్కో వరుసా చదివింది. కంప్యూటర్ ఫైలును గరిటె గరిటెగా తోడుకుంటుంది. ఆ పిల్ల మార్కులు సరిగ్గా గరిటె అంచున పడ్డాయి. 21 ముందు వచ్చింది, 4 తర్వాతి గరిటెలో వచ్చింది. వచ్చినదాన్ని పాతదాని పక్కన చేర్చాల్సిన చోట, ఉన్నదాన్ని తుడిచేసి కొత్తది పెట్టమని రాసి ఉంది. రాసింది కృష్ణకుమారే. తప్పులకు మార్కులు కోసే పరీక్ష కాబట్టి నాలుగొచ్చిందంటే ఎవరికీ అనుమానం రాలేదు. పంతొమ్మిదేళ్ల పొగరు ఆ ఒక్క వరుస దగ్గర మట్టికొట్టుకుపోయింది.

ఆ వరుస దిద్ది, ప్రోగ్రాం మళ్లీ నడిపింది. పాత జాబితాతో పోల్చితే ఆరుగురి మార్కులు మారాయి. "జర ఆగుండ్రి, యాడికి పోకుండ్రి," అని ఇద్దరికీ చెప్పి మేడ మీదికి వెళ్లింది.

డైరెక్టర్ గౌతమ్ ముప్ఫై రెండేళ్లవాడు. చెడ్డవాడేం కాదు, భయస్తుడు.

"ఆరుగురేగా మేడమ్! పేరెంట్స్ అందరికీ మెసేజ్‌లు వెళ్లిపోయాయి. అడ్మిషన్ల టైంలో తప్పు జరిగిందని మనమే చెప్పుకుంటే ఎదుటి సెంటర్‌వాడు ఊరంతా టాంటాం వేస్తాడు. వచ్చే టెస్టులో ఆ అమ్మాయే పైకొస్తుంది లెండి."

"వచ్చే టెస్టుకు ఆ పిల్ల ఉండదు సార్. బకెట్ పట్టుకొని కింద నిలవడ్డది."

"తప్పు చేసింది మీరు. నేను ఎవరికీ చెప్పనంటున్నాను కదా, ఇంకా ఏంటండీ?"

"నేను చేసిన కాబట్టే నేను చెప్త."

"చెప్తే రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

"రాను," అంది కృష్ణకుమారి. అంత తొందరగా అనేస్తానని ఆమే అనుకోలేదు.

కిందికొచ్చి ఆరు పేర్లు, పాత మార్కులు, అసలు మార్కులు పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసింది. అడుగున పెన్నుతో రాసింది: "తప్పు పిల్లలది కాదు, నాది. కృష్ణకుమారి, కంప్యూటర్ సెక్షన్."

నోటీసు బోర్డు అద్దానికి తాళం. తాళంచెవి గౌతమ్ దగ్గర. ఉంటే ఉండనీ! రెండు అద్దాల మధ్య సందులోంచి కాగితం దూర్చింది. అది సగంలో మడతపడి వాలిపోయింది. స్కేలుతో లోపలికి నెట్టి సాపు చేస్తుంటే కాగితం నిలబడింది గానీ, స్కేలు చేయిజారి లోపలే ఇరుక్కుంది. ఇంతలో భోజనం గంట మోగింది. పిల్లలంతా బోర్డు చుట్టూ మూగారు.

రాజు వేలితో అద్దం మీద వెతుక్కుంటూ చదివాడు. "రెండొందల పద్నాలుగా! గింత మంచిగ రాసినవా బిడ్డా? నేనే నమ్మకపోతి."

సౌజన్య బకెట్ కింద పెట్టింది. రాజు ట్రంకుపెట్టె దించడానికి బండి దగ్గరికి నడిచాడు.

కృష్ణకుమారి టిఫిన్ డబ్బా, గొడుగు, నొప్పి మందు సంచిలో వేసుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ రామస్వామి పిలిచాడు. "మేడం, మీ స్కేలు లోపల్నే ఉండిపాయె!"

"ఉండనియ్యి," అని తలెత్తి నడుచుకుంటూ కొత్తపేట వైపు వెళ్లిపోయింది.

కాసేపటికి గౌతమ్ తాళంచెవితో దిగాడు. బోర్డు ముందు వందమంది పిల్లలు. ఒక్కరూ పక్కకు జరగలేదు. తాళంచెవి మళ్లీ జేబులో వేసుకుని మెట్లెక్కాడు. అద్దం వెనక, అంకెలు అరిగిపోయిన చెక్క స్కేలు సౌజన్య పేరున్న వరుస కింద అడ్డంగా ఆగి ఉంది.