సొట్టపడ్డ గొట్టాలు

అమెరికాలోని మోంటానా అంతా గాలించినా ఆరిన్ రైఫిల్‌కు సరిపడే తూటా ఏ కొట్లోనూ దొరకదు. ఎక్కడపడితే అక్కడ దొరికే పెద్ద తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు తెచ్చి, ఉక్కు అచ్చులో వత్తి, మెడ సన్నం చేసి తన రైఫిల్‌కు తగ్గట్టు మలుచుకునేవాడు ఆ మహానుభావుడు. ఏప్రిల్‌లో పోయాడు. ఎల్లుండి ఎల్క్ దుప్పుల వేట మొదలు. వెళ్తే ఆయన రైఫిల్‌తోనే వెళ్తాను, లేదంటే ఇంట్లోనే కూర్చుంటానని ఆయన భార్య మార్లిస్ భీష్మించుకుంది.

ఆయన మంటలో కాచి మెత్తబరిచిన గొట్టాలు ఎనిమిదే మిగిలాయి. ఆ కాచే విద్య ఆమెకు రాదు. అచ్చులో ఎక్కడ ఇరుక్కుంటాయోనని గ్రీజు దండిగా పట్టించి వత్తింది. గ్రీజు ఎక్కువై ఎనిమిదింటికీ మెడ కింద సొట్టలు పడ్డాయి. పెళ్లయిన ఏడాది కూడా సరిగ్గా ఇదే నిర్వాకం చేసింది. అప్పుడు ఆరిన్ వేట నుంచి వచ్చి, నున్నటి ఖాళీ గొట్టం ఒకటి ఆమె చేతిలో పెట్టి, దుప్పిని కొట్టింది నీ తూటాతోనే అన్నాడు. సొట్టలేమయ్యాయంటే పేల్చగానే పోయాయన్నాడు. కొత్త పెళ్లాన్ని బుజ్జగించడానికి ఎంత బాగా కోస్తున్నాడో అనుకుంది. ఆ తర్వాత నలభై ఏళ్లు అచ్చు జోలికి పోలేదు.

కబురు పెడితే పొరుగున ఉండే డ్వేన్ వచ్చాడు. ఏటా ఆరిన్‌తో కలిసి కొండలెక్కిన మనిషి. ఒక గొట్టాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూసి పగలబడి నవ్వాడు.

"మొక్కజొన్న కండెకి వెన్న రాసినట్టు రాశావా గ్రీజు?"

"నవ్వింది చాల్లే. పారెయ్యాల్సిందేనా?"

అక్కర్లేదన్నాడు డ్వేన్. సొట్టలు లోతుగా లేవు, చీలికలూ లేవు. మందు పేలగానే గొట్టం ఉబ్బి రైఫిల్ లోపలి గోడలకు అతుక్కుంటుంది, సొట్ట దానంతటదే పోతుంది.

"ఆరిన్ కూడా అవే కోతలు కోశాడు," అంది మార్లిస్.

"కోతలేంటి? పక్కనే ఉన్నా నేను. తను చేసుకున్నవి ఇంట్లో వదిలేసి, నీ సొట్టవే తెచ్చుకున్నాడు."



ఆ సాయంత్రమంతా డ్వేన్ దగ్గర కూర్చుని, ఒక్కో కొలతా సరిచూసి తూటాలు పూర్తి చేయించాడు. మర్నాడు పేల్చి చూడ్డానికి ఇద్దరూ కంకర గుంట దగ్గరికి వెళ్లారు. మార్లిస్ ఒకటి పేల్చింది. రైఫిల్ బోల్టు వెనక్కి లాగితే ఖాళీ గొట్టం ఎగిరి మంచులో పడింది. తీసి బొటనవేలితో తడిమింది. ఎంత వెతికినా సొట్ట లేదు.

కళ్లు నిండిపోయాయి. పిలవగానే వచ్చినందుకు, ఆ మాట చెప్పినందుకు డ్వేన్ చెయ్యి పట్టుకుని ఎంతో మేలు చేశావంది. వెచ్చని గొట్టాన్ని గుప్పిట్లో మూసుకుని కొండల వైపు తిరిగింది.

"నమ్మలేదు ఆరిన్, ఏమనుకోకు. ఇంకా ఏడున్నాయి. రేపు పొద్దున్నే వస్తున్నా."