కుట్టుమిషన్ ఫైటు

శేషారత్నానికి ఫైటు సినిమాలంటే గిట్టవని ఎవరైనా చెబితే నమ్మకండి. ఊళ్ళో కొందరు ఇప్పుడు అలాగే అంటున్నారు. కుర్రాళ్ళు సరదాగా తెర మీద సినిమా ఫైట్లు వేసుకుంటుంటే వచ్చి కరెంటు తీసేసిందనీ, ఆడవాళ్ళకు వాటి రుచి ఏం తెలుస్తుందనీ. నోరుంది కదా అని అనేయడమే! అసలు ఫైట్ల సంగతిలో ఆమె ముందు ఈ ఊరి కుర్రకారు దిగదుడుపే. పెళ్ళయిన కొత్తలో మొగుడు మస్తాన్‌రావుతో కలిసి గురజాలలో ఆమె చూడని ఫైటు సినిమా లేదు. గుర్రాల మీద తరుముకునేవి, నిధి కోసం గుహల్లో దూరేవి, రైలు పైన కొట్టుకునేవి, అన్నీ కావాలి ఇద్దరికీ. తెర మీద హీరో మీదికి గుద్దు వస్తుంటే మస్తాన్‌రావు ముందు కుర్చీ పట్టుకుని తల పక్కకు తిప్పుకునేవాడు. ఆమె పడీ పడీ నవ్వేది.

అలాంటి మనిషిని గురజాల బజార్లో పట్టపగలు నరికి చంపారు. పంచాయతీ ఎన్నికల్లో ఒక పక్షానికి ఏజెంటుగా కూర్చోవడమే ఆయన చేసిన నేరం. కొడుకు సాయి కిరణ్‌కు అప్పుడు మూడేళ్ళు. శేషారత్నం పిల్లాణ్ణి చంకనేసుకుని నరసరావుపేట దగ్గర తన పుట్టింటి ఊరికి, అన్న సాంబశివరావు పంచకు చేరింది. సాంబశివరావు ఊళ్ళో పెద్దమనిషి. ఆయన మాట లేనిదే అక్కడ చీపురుపుల్ల కదలదు. చెల్లెలికీ మేనల్లుడికీ ఏ లోటూ చేయలేదు. అది మాత్రం కాదనకూడదు.

పిల్లవాడు కాస్త పెరిగి నాన్న ఎలా చచ్చిపోయాడని అడిగితే, మేనమామే కథ చెప్పాడు. "పదిమంది కత్తులతో మీదికొస్తే బజారు మధ్యలో నిలబడి ఎదిరించాడ్రా మీ నాన్న. వెన్ను చూపలా. పులి మాదిరి పడిపోయాడు." కిరణ్ ఆ కథ మీదే పెరిగాడు. బళ్ళో చెప్పుకున్నాడు, కాలేజీలో చెప్పుకున్నాడు. తండ్రి ఫొటోకు దండ వేసేటప్పుడు ఛాతీ విరుచుకుని నిలబడేవాడు.

నిజం వేరు. చంపినవాళ్ళను పక్కన పెడితే అది తెలిసినవాళ్ళు ముగ్గురే. దర్జీ అబ్దుల్ హమీద్ పెద్దదినం కాకముందే గురజాల ఇంటికి వచ్చి చెప్పుకుని ఏడ్చాడు. అప్పుడు శేషారత్నం పక్కన సాంబశివరావు ఒక్కడే ఉన్నాడు. మస్తాన్‌రావు ఎవరినీ ఎదిరించలేదు. తరుముతుంటే బజారంతా తలుపులేసుకుంది. ఆయన పరుగెత్తి హమీద్ దుకాణంలో దూరాడు. హమీద్ షట్టరు దించేసి ఆయన్ను కుట్టుమిషన్ బల్ల వెనక కూర్చోబెట్టాడు. వాళ్ళు బయట వెతుక్కుని వెళ్ళిపోయేవాళ్ళే. కానీ మస్తాన్‌రావు కాలు మిషన్ పెడల్ మీద ఉంది. భయంతో ఆ కాలు వణికింది. వణికేసరికి మిషన్ ఆడింది, టకటకమని చప్పుడైంది. ఆ చప్పుడు విని షట్టరు లేపారు. "మిషన్ బెల్టు పీకేసి ఉంటే అన్న బతికేవోడమ్మా, నాకు తోచలా" అని హమీద్ నెత్తి బాదుకున్నాడు.

ఈ మాట ఆ ముగ్గురి మధ్యే ఉండిపోవలసింది. రెండేళ్ళ కిందట పల్నాడు కథ కావాలంటూ హైదరాబాదు నుంచి సినిమావాళ్ళు వచ్చారు. సాంబశివరావు వాళ్ళను ఇంట్లో పెట్టుకుని నాటుకోళ్ళు కోయించి, మీసం దువ్వుకుంటూ కథలు చెప్పాడు. పోయినేడు సినిమా విడుదలైంది. ఇంటిల్లిపాదికీ ఆయనే నరసరావుపేటలో టికెట్లు కొన్నాడు.

ఇంటర్వెల్ ముందు ఫైటు. హీరో ఒక్కడే బజారంతా ఊడ్చి పారేస్తున్నాడు. విలన్ మనిషి ఒకడు, బక్కపలచటివాడు, పరుగెత్తి దర్జీ దుకాణంలో దూరి మిషన్ వెనక నక్కాడు. వాడి కాలు పెడల్ మీద వణికింది. టకటకటక. బయట హీరో ఆగి, చెవి రిక్కించి, చిన్నగా నవ్వాడు. అంతే, హాలు హాలంతా గొల్లుమంది. కాగితాలు ఎగిరాయి. పక్క సీట్లో కిరణ్ పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వుతున్నాడు. శేషారత్నం అన్న వైపు తిరిగింది. సాంబశివరావు తెర చూడటం లేదు, ఆమెనే చూస్తున్నాడు. చూపులు కలవగానే తల తిప్పుకున్నాడు.

అప్పుడే నిలదీయవలసింది. నిలదీయలేదు. అన్న ఇంట్లో తింటూ అన్న మీద నోరెలా లేస్తుంది? కానీ ఆ సినిమా థియేటర్లోంచి పోయినా ఊళ్ళోంచి పోలేదు. ఎవడైనా వెనకడుగు వేస్తే చాలు, కుర్రాళ్ళు మడమ నేలకేసి టకటక కొట్టి ఎగతాళి చేయడం మొదలుపెట్టారు. బల్లిని చూసి ఆమె ఉలిక్కిపడితే కిరణ్ కూడా వంటింటి గడప మీద అలాగే కాలాడించి నవ్వాడు. ఆ రోజు ఆమె చేతిలో ఉన్న గరిటె వాడి మీదికి విసిరింది. ఎందుకో వాడికి అర్థం కాలేదు.

ఈ ఏడు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు ఊరి తరఫున తీసుకెళ్ళే ఎత్తైన వెదురు ప్రభ ముందు పెద్ద ఎల్‌ఈడీ తెర పెట్టాలని కమిటీ తీర్మానించింది. పాటల మధ్యలో ఆల్ టైమ్ టాప్ ఫైట్లు వేస్తారట. ఏవి వేయాలో ఊరి వాట్సాప్ గ్రూపులో ఓట్లు పెట్టారు. పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే కిరణ్‌కే ఆ పని అప్పగించారు. వాడు పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాడు.

"అమా, మన కుట్టుమిషన్ ఫైటే ఫస్టు వచ్చింది! కొండ కాడ లక్షమంది చూస్తారు. విజిల్స్‌తో అదిరిపోద్ది చూడు."

మన ఫైటట! శేషారత్నం ఒళ్ళు భగ్గుమంది. నేరుగా వసారాలో పేపరు చదువుతున్న అన్న ముందుకెళ్ళి నిలబడింది.

"అన్నయ్యా, ప్రభ తెర మీద ఆ బిట్టు తీసేపిచ్చు."

"ఏ బిట్టు?"

"ఏ బిట్టో నీకు తెల్సు."

సాంబశివరావు పేపరు మడిచాడు. "ఏందే నీ గోల? ఊరంతా ఓట్లేసుకున్నారు, నేనెట్టా తీసేపిచ్చేది? అయినా అది సినిమా. అందులో ఉన్నదెవరో ఎవరికి తెల్సు?"

"నాకు తెల్సు. నీకు తెల్సు. మన మధ్యన ఉన్నదాన్ని ఊరూరా తెరగట్టి చూపిచ్చావు. ఎందుకు చెప్పావు ఆళ్ళకి?"

"నిజంగా జరిగింది ఏదన్నా చెప్పమన్నారు. మాటల్లో వచ్చేసింది. ఇట్టా కామెడీ చేస్తారని నేనేమన్నా కలగన్నానా?"

"మాటల్లో వచ్చిందా! నా బిడ్డకేమో పులని చెప్పావు. సినిమావోళ్ళకేమో పిల్లి అని చెప్పావు. చచ్చినోడు లేచొచ్చి అడగలేడనేగా నీ ధైర్యం?"

సాంబశివరావు మొహం కందగడ్డయింది. "గమ్మునుండు! పులని చెప్పబట్టే ఆడు ఊళ్ళో తలెత్తుకు తిరుగుతున్నాడు. పో, పొయ్యి అసలు సంగతి చెప్పు. ఆడి మొహం ఎట్టా మాడిపోద్దో నువ్వే చూద్దువు గానీ. ఇన్నేళ్ళు కూడు పెట్టినోడి మీదికే లేస్తున్నావే!"

కూడు మాటెత్తితే చెల్లెలి నోరు మూతపడుతుందని ఆయనకు ఎప్పటినుంచో తెలుసు. ఆ రోజూ మూతపడింది. ఆమె గిర్రున తిరిగి లోపలికి పోయింది. వంటింట్లో గిన్నెలు మాత్రం సాయంత్రం దాకా మోగుతూనే ఉన్నాయి.

పొద్దుగూకుతుండగా రామాలయం ముందు ప్రభకు ట్రయల్ వేశారు. వెదురు బద్దలతో, రంగు కాగితాలతో ఆకాశానికి నిచ్చెన వేసినట్టు నిలబెట్టిన ప్రభ లైట్లతో జిగేలుమంది. ఊరంతా చేరింది. కమిటీ పెద్ద అంకారావు మైకులో అరుస్తున్నాడు. సాంబశివరావు ముందు వరసలో కుర్చీ వేసుకు కూర్చున్నాడు. తెర మీద ఒక్కో ఫైటూ వస్తోంది. శేషారత్నం జనం వెనక నిలబడి చూసింది. అన్నీ మంచి ఫైట్లే. గుర్రం మీదినుంచి రైల్లోకి దూకిన హీరోను చూసి ఆ కోపంలోనూ ఆమెకు ఒళ్ళు జలదరించింది.

"ఇప్పుడొస్తది చూడండి, నంబర్ వన్!" అన్నాడు అంకారావు.

బజారు వచ్చింది. దర్జీ దుకాణం వచ్చింది. తెర నిండా ఆ వణికే కాలు వచ్చింది. పెద్ద పెద్ద స్పీకర్లలో టకటకటక. చిన్నపిల్లలతో సహా అందరూ నేల మీద కాళ్ళు కొట్టడం మొదలుపెట్టారు. ఊరు ఊరంతా కలిసి తన మొగుణ్ణి మళ్ళీ పట్టిస్తున్నట్టు అనిపించింది ఆమెకు. ఇక ఆగలేకపోయింది. జనాన్ని తోసుకుంటూ జనరేటరు దగ్గరికి వెళ్ళి మెయిన్ కిందికి లాగేసింది.

తెర ఆరిపోయింది. ప్రభ ఆరిపోయింది. కాళ్ళ చప్పుడు మాత్రం కాసేపు ఆగలేదు.

"ఎవడ్రా అది?" అంటూ కిరణ్ ఉరికొచ్చాడు. తల్లిని చూసి ఆగిపోయాడు. "అమా! ఏం చేస్తున్నావు నువ్వు? పిచ్చా?"

"నవ్వింది చాలురా. ఆ మిషన్ వెనక నక్కింది మీ నాన్న."

"ఏంది?"

"మీ నాన్నరా. గురజాలలో హమీద్ దుకాణంలో దాక్కుంటే కాలొణికి మిషనాడింది. ఆ చప్పుడికే దొరికిపోయాడు. బజార్లో ఎవర్నీ ఎదిరియ్యలా. మీ మామ నీకొక కథ చెప్పాడు, సినిమావోళ్ళకొకటి చెప్పాడు. నిజం ఆళ్ళకి బోయింది, అబద్ధం నీకు మిగిలింది."

కిరణ్ మేనమామ వైపు చూశాడు. "మామయ్యా?"

సాంబశివరావు కుర్చీలోంచి లేచాడు. "దానికి మతి చెడింది. అంకారావూ, కరెంటెయ్యి."

అంకారావు కదల్లేదు. కిరణ్ తల్లి వైపు తిరిగాడు. గొంతులో ఏడుపు కంటే కోపమే ఎక్కువగా ఉంది. "నాన్న భయపడ్డాడా?"

"పడ్డాడు."

"ఛీ!" అన్నాడు వాడు.

ఆ ఛీ ఎవరి మీదో అడగకుండానే శేషారత్నం వాడి చెంప పగలగొట్టింది. వాడికి బుద్ధి తెలిశాక ఆమె చెయ్యి చేసుకోవడం అదే మొదలు.

"ఎవర్నిరా ఛీ అంటున్నావు? ఇంట్లో నువ్వున్నావు. నేనున్నాను. బతుకంటే తీపి లేనోడైతే పులి మాదిరి బజార్లోనే నిలబడేవోడు. మీ నాన్నకి ఇంటికి రావాలనుంది. అందుకే కాలొణికింది. చంపినోళ్ళు ఒక్కసారి చంపారు. మీరు ఏడాది బట్టి ఆ కాలు జూసి నవ్వుతున్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నువ్వు!"

సాంబశివరావు మళ్ళీ కరెంటు వేయమనలేదు. కండువా భుజాన వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటిదారి పట్టాడు. వెనక నుంచి ఆయన్ను ఎవరూ పిలవలేదు.

కిరణ్ జనరేటరు పక్కన నేల మీద చతికిలబడ్డాడు. చెంప మీద తల్లి వేళ్ళు తేలాయి. అప్పుడు వినిపించింది. వాగవతల పక్క ఊరి ప్రభకు కూడా ఆ సాయంత్రమే ట్రయల్. వాళ్ళూ ఫైట్లు వేస్తున్నారు. స్పీకర్లలో టకటకటక, దాని వెంటనే వందల మంది గొల్లున నవ్విన నవ్వు, పొలాల మీదుగా తేటగా వచ్చాయి.

కిరణ్ తలెత్తాడు. ఏడాదిగా తల్లి వింటున్న నవ్వును ఆమె విన్నట్టుగా వాడు వినడం అదే మొదటిసారి. మొహం నల్లబడింది. లేచి, విసురుగా వాగు వైపు నడిచాడు. శేషారత్నం ఉరికి వాడి చొక్కా వెనక నుంచి పట్టుకుంది.

"యాడికిరా? కొట్లాటకా? ఎంతమందిని కొడతావు? ఆ సినిమా యాడ ఆడలా, ఎన్ని ఊళ్ళు తిరుగుతావు?"

"కొట్టనమ్మా."

"మరి?"

"ఆపమని చెప్తా. ఎందుకని అడిగితే, ఆ మిషన్ వెనక ఉన్నది మా నాన్నని చెప్తా."

శేషారత్నం చొక్కా వదిలేసింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, వాడి వెంట తనూ వాగులోకి దిగింది.