పన్నెండు కిలోల దొంగకుట్టు

శనివారం పొద్దున ఆరింటికి ఫ్యాక్టరీ గేటు లోపల బ్యాగుల కుప్ప పోసి ఉంది. వీపుకు తగిలించుకుని కొండలెక్కే పెద్ద బ్యాగులు. వాటిని కత్తిరించేవాళ్ళు, కుట్టేవాళ్ళు, ప్యాకు చేసేవాళ్ళు ఎనిమిదిమంది కుప్ప చుట్టూ నిలబడ్డారు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కరు కూడా అలాంటి బ్యాగు వీపున వేసుకున్న పాపాన పోలేదు. అడవిలో ఒక్క రోజు నడిచింది లేదు.

"మన సరుకు మనమే మోసి చూద్దాం" అన్నాడు మేనేజరు, స్టూలెక్కి. "రెండు రోజులు కొండల్లో నడక. కొనేవాళ్ళ కష్టసుఖాలు మనకు తెలియాలి. మనమంతా ఒక కుటుంబం."

ఈ కుటుంబంలో ఎనిమిదిమందీ ఆరేళ్ళ నుంచి రోజుకూలీలే. నడక పూర్తిచేసినవాళ్ళకి సోమవారం పర్మనెంటు లెటరు ఇస్తామన్నారు. అందుకొచ్చారు. చెట్లూ చేమలూ చూసి తరించడానికి కాదు. పర్మనెంటు కావడానికీ కొండెక్కడానికీ ఏం సంబంధమయ్యా అని అడగగల నోరు అక్కడ ఒక్కటే ఉంది. ఆ నోటి ధాటికే ఆమెను కుట్టు సెక్షనులో కత్తెర అంటారు. కత్తెర కూడా ఆ పొద్దున కుక్కిన పేనులా ఉంది. తన కోసం కాదు, పక్కనున్న వదిన కోసం.

అన్న పోయాక వదినా ఆడపడుచులు ఒక్క గదిలో ఉంటున్నారు. వదినది ప్యాకింగు సెక్షను. పోయినేడు నాలుగు రోజులు జ్వరమొచ్చి పడుకుంటే ఐదో రోజు గేటు దగ్గర "నీ ప్లేసులో వేరే మనిషిని పెట్టుకున్నాం" అన్నారు. మళ్ళీ రెండు నెలలు బతిమాలి కొత్త కూలీగా చేరింది. లెటరుంటే ఆ బతిమాలుడు ఉండదు. జ్వరమొస్తే జ్వరం ఒక్కటే ఉంటుంది.

"తలో బ్యాగు తీసుకోండి. అన్నిట్లో పన్నెండు కిలోలు సర్దించాను" అన్నాడు సూపర్‌వైజరు.

వదిన కుప్పలో చెయ్యి పెట్టి ఒక్కో బ్యాగు మూత తెరిచి, లోపల కుట్టిన నంబరు గుడ్డ చూడసాగింది. కుట్టినవాళ్ళ నంబరు ప్రతి బ్యాగులోనూ ఉంటుంది. ఆరో బ్యాగుకి ఆమె మొహం వెలిగింది.

"ఇదిగోనే! నలభై ఒకటి. నీదే. నీ చేతి కుట్టు ఉండగా ఎవరిదో నేనెందుకు మోస్తాను?"

కత్తెర గుండె గుభేలుమంది.

ఎందుకంటే, భుజం పట్టీ బ్యాగుకు అతికే చోట ఒక అడ్డకుట్టు పడాలి. బార్‌టాక్ అంటారు. దానికి వేరే మెషిను, ఒక్కో పట్టీకి నలభై రెండు పోట్లు. సెక్షను మొత్తానికి ఆ మెషిను ఒక్కటే. టీ టైము దాటాక టార్గెటు అందకపోతే సూపర్‌వైజరు వరసల మధ్య నడుస్తూ, గాలితో మాట్లాడుతున్నట్టు, "అక్కడ క్యూ కట్టకండి, మీ మెషిను మీదే రెండు సార్లు వెనక్కీ ముందుకీ కొట్టి పంపండి" అంటాడు. కాగితం మీద ఎక్కడా ఉండదు ఆ మాట. కుట్టేవాళ్ళు దానికి దొంగకుట్టు అని పేరు పెట్టుకున్నారు. పైన కంపెనీ బొమ్మ ఉన్న ముక్క అతికించేస్తారు, కనపడదు. పైన పటారం, లోన లొటారం. చెకింగువాళ్ళు బొమ్మ నిటారుగా ఉందా లేదా చూస్తారు, అంతే. మూడు నెలల నుంచి ఇదే తంతు. కత్తెర చేతి మీదుగా ఎన్ని పోయాయో ఆమెకే తెలీదు. ప్యాకింగులో ఉండే వదినకి ఈ సంగతి అసలే తెలీదు.

"అది వద్దు వదినా, ఇది తీసుకో, తేలిగ్గా ఉంది" అంది కత్తెర.

"అన్నీ పన్నెండేగా? నన్ను ముసలిదాన్ని చేస్తున్నావా?"

సూపర్‌వైజరు కత్తెర వంకే చూస్తున్నాడు. చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి. చెబితే లెటర్లు రెండూ గోవిందా. కత్తెర మింగలేక కక్కలేక నిలబడింది. తరవాత మింగేసింది. ఆ క్షణం నుంచి ఆమెకు తన మీద తనకే వెగటు పుట్టింది.

అడవి మొదలైన చోట బస్సు ఆగింది. దారి చూపించడానికి ఒక ముసలాయన ఎక్కడి నుంచో వచ్చి ముందు నడిచాడు. మేనేజరు వీపున నీళ్ళ సీసా పట్టేంత బ్యాగు ఒకటి వేలాడుతోంది. అది వేరే దేశంలో వేరే కంపెనీ చేసింది. ఆయన గుడారం, ఆయన మడతకుర్చీ, ఆయన కాఫీ సామాను, అన్నీ ఆ ఎనిమిది బ్యాగుల్లో పంచి ఉన్నాయి. కొనేవాళ్ళ కష్టసుఖాల్లో కష్టం వీళ్ళకీ సుఖం ఆయనకీ వచ్చింది. ఫొటోలవాడు ఒకడు ముందు పరిగెత్తి, "నవ్వండి, నవ్వండి" అంటాడు. బురద మోకాలు దాటింది. ఏం నవ్వు వస్తుంది? పళ్ళు బయటపెట్టారు.

అడవి బాగుంటుందని చెప్పినవాడెవడో అడవికి ఎన్నడూ వెళ్ళి ఉండడు. కుళ్ళిన ఆకుల వాసన. చెమటకు అంటుకునే దోమలు. కాళ్ళకు జలగలు. కటింగు మాస్టరు ఒకదాన్ని పీకి ఎత్తి చూపిస్తూ, "ఇదీ టార్గెటు పూర్తిచేసే వెళ్తానంటోంది" అన్నాడు. అందరూ నవ్వారు, సూపర్‌వైజరు తప్ప. పెద్ద అవసరానికి ఆడవాళ్ళు ఎక్కడికెళ్ళాలని అడిగితే మేనేజరు చేయి చాచి కొండంతా చూపించాడు. ఫ్యాక్టరీలో దొడ్డికి పోవాలంటే చీటీ తీసుకోవాలి, ఐదు నిమిషాలే. ఇక్కడ కొండంత దొడ్డి, చీటీ అక్కర్లేదు. అంతకుముందు వచ్చినవాళ్ళంతా ఆ స్వేచ్ఛ బాగానే వాడుకున్నట్టున్నారు. రాయి రాయి వెనకా కాగితాలు, ఈగలు, ఖాళీ బిస్కెట్టు పొట్లాలు. కత్తెర కొంగుతో ముక్కు మూసుకుంది.

వాటన్నిటి కంటే ఎక్కువగా ఆమె చూస్తున్నది వదిన ఎడమ భుజం. పట్టీ మొదట్లో ఉన్న బొమ్మ ముక్క అంచు కొద్దికొద్దిగా లేస్తోంది. అడుగడుక్కీ చూసింది. మధ్యాహ్నం బ్రెడ్డు తినడానికి కూర్చున్నప్పుడు మళ్ళీ అడిగింది.

"వదినా, బ్యాగులు మార్చుకుందాం. నాది ఎర్రది, ఫొటోలో బాగుంటావు."

"నీ నంబరు నా వీపున ఉంటే నాకో ధైర్యమే. అడవిలో నాకెవరున్నారు చెప్పు, ఈ బ్యాగూ నువ్వూ తప్ప?"

కత్తెర బ్రెడ్డు ముక్క తిరిగి పొట్లంలో పెట్టేసింది. పక్కన మేనేజరు కాఫీ చల్లారిందని విసుక్కుంటున్నాడు.

ఆదివారం పదిన్నరకి రాతి అంచు వచ్చింది. ఒక పక్క గోడలా కొండ, ఇంకో పక్క లోయ. మధ్యన రెండు పాదాలు పట్టేంత దారి, అదీ తడిగా ఉంది. ముసలాయన అటు చివర నిలబడి ఒక్కొక్కరినీ చేయిపట్టి దాటిస్తున్నాడు. "బరువు కొండవైపు పెట్టమ్మా, లోయవైపు వంగకు" అంటున్నాడు. వదిన ఆరోది, వెనకే కత్తెర.

పట్టీ చిరిగిన చప్పుడు కత్తెరకు తెలిసిన చప్పుడే. మెషిను మీద దారం తెగితే వచ్చే చప్పుడు. పన్నెండు కిలోలూ ఒక్కసారి కుడి భుజం మీదికి, లోయవైపు ఊగాయి. వదిన పక్కకు తిరిగింది, మోకాలు రాయికి కొట్టుకుంది. రెండో పట్టీ కూడా పైనా కిందా ఊడి భుజం మీదే ఉండిపోయింది. బ్యాగు దొర్లుకుంటూ చెట్లలోకి పోయింది. ముసలాయన వదిన జడ దొరకబుచ్చుకుని కొండవైపు లాగి పడేశాడు. లాగకపోతే అంతే సంగతులు.

అందరూ అటుపక్క వెడల్పు చోటికి చేరారు. వదిన మోకాలి నుంచి రక్తం కారుతోంది. తెగిన పట్టీ ఇంకా ఆమె భుజానికి వేలాడుతోంది.

మేనేజరు మొదటి మాట ఫొటోలవాడితో. "అదంతా తీసేయ్. ఎక్కడా ఉండకూడదు." రెండో మాట సూపర్‌వైజరుతో. "ఎవరు కుట్టారు దీన్ని?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సూపర్‌వైజరు గబగబా అందుకున్నాడు. "ఎవరో నిర్లక్ష్యం సార్. అడ్డకుట్టు వేయకుండా పంపారు. ఇలాంటివాళ్ళని ఏరి పారెయ్యాలి సార్. ఏమ్మా, లోపల నంబరెంతో చూశావా?"

వదిన కత్తెర వైపు చూడలేదు. పెదాలు తడుపుకుంది.

"లేదు సార్. చూడలేదు. చేతికి దొరికిందే తీసుకున్నాను."

కత్తెరకు ఒళ్ళంతా జలగలు పాకినట్టయింది. చావు తప్పి కన్ను లొట్టపోయిన మనిషి, రక్తం ఇంకా ఆగని మనిషి, తనను కాపాడటానికి అబద్ధం చెబుతోంది. ఇంతకంటే అసహ్యంగా తను ఎప్పుడూ బతకలేదు.

"నలభై ఒకటి" అంది కత్తెర. "నేనే కుట్టాను. ఇదిగో చూడండి, రెండు వరసలే పోట్లు, వెనక్కీ ముందుకీ. దీన్ని దొంగకుట్టు అంటారు. టీ టైము తర్వాత రోజూ కొట్టిస్తాడు మీ సూపర్‌వైజరు. నేను కొడుతున్నాను, వీళ్ళూ కొడుతున్నారు. మూడు నెలలైంది."

"అబద్ధం సార్!"

"అయితే నాది కూడా చూద్దాం." కత్తెర తన ఎర్ర బ్యాగు దించి, పట్టీ మీద కాలు పెట్టి రెండు చేతులా లాగింది. పర్రుమంది. కటింగు మాస్టరు తనది దించాడు. లాగాడు. అదీ పర్రుమంది. మిగతావాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని తమవి దించారు. ఏడు బ్యాగుల్లో నాలుగింటి పట్టీలు ఊడి చేతుల్లోకి వచ్చాయి. వాటితోనే కిందటి రోజంతా రాళ్ళ మీద నడిచారు.

మేనేజరు గొంతు తగ్గించాడు. "సరే, సరే. టెక్నికల్ సమస్య. సోమవారం ఆఫీసులో కూర్చుని మాట్లాడుకుందాం. కుటుంబంలో ఇవన్నీ ఉంటాయి. ఇంకో రెండు గంటలు నడిస్తే అయిపోతుంది, లెటర్లు రెడీగా ఉన్నాయి."

"ఆ తెగని మూడింట్లో ఒకటి మీరు వేసుకోండి సార్" అంది కత్తెర. "పన్నెండు కిలోలతో ఈ అంచు మీద వెనక్కి వెళ్ళి రండి. వస్తే మేం నడుస్తాం."

మేనేజరు అంచు వైపు చూశాడు. బ్యాగు వైపు చూశాడు. చెయ్యి చాపలేదు.

"నాకు నడుం నొప్పి."

కటింగు మాస్టరు ఉమ్మేశాడు. ఎవరికీ తగలకుండానే ఉమ్మాడు గాని, మేనేజరు ఒక అడుగు వెనక్కి వేశాడు. తెగిన బ్యాగులోంచి మడతకుర్చీ తీసి అక్కడ పడేసి, "మీ కుర్చీ మీరు మోసుకోండి" అన్నాడు మాస్టరు. ముసలాయన కిందికి వెళ్ళే దగ్గరి దారి వేరే ఉందని చెప్పాడు. అటు వెళ్తే మళ్ళీ అంచు దాటక్కర్లేదట. ఫొటోలు బాగా వస్తాయని మేనేజరే ఈ దారి అడిగాడట.

మిగిలిన బ్యాగులు నెత్తి మీద పెట్టుకుని దిగారు. పట్టీలు ఎవరూ నమ్మలేదు. కత్తెర వదిన పక్కనే నడిచి, జారే చోట చెయ్యి ఇచ్చింది. వదిన ఆ చెయ్యి పట్టుకోలేదు. చెట్టు కొమ్మ పట్టుకుంది.

చాలా దూరం దిగాక అడిగింది.

"నిన్న పొద్దున గేటు దగ్గరే తెలుసా నీకు?"

"అనుమానం ఉంది. టీ టైము ముందు కుట్టిందో తర్వాత కుట్టిందో తెలీదు."

"అందుకేనా మార్చుకుందాం అన్నావు?"

"ఆఁ."

"మార్చుకుందాం అన్నావు గాని, ఎందుకో చెప్పలేదు."

లెటరు కోసం అనాలి కత్తెర. అనలేకపోయింది.

"లెటరు రాదిక" అంది వదిన.

"రాదు. నాకసలు గేటే తియ్యరు. నీకు ఇస్తారేమో, నువ్వేం అనలేదుగా."

వదిన ఆగింది. మోకాలికి కట్టిన గుడ్డ బిగించుకుంది. భుజానికి ఇంకా వేలాడుతున్న తెగిన పట్టీని తీసి కత్తెర చేతిలో పెట్టింది.

"రేపు పొద్దున గేటు ముందు ఇది పట్టుకుని నిలబడు. షిఫ్టుకొచ్చే ప్రతి మనిషికీ చూపించు. నేనూ వస్తాను, మోకాలు చూపిస్తాను." రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండా అంది: "గేటు దాకా మాత్రం నా పక్కన నడవకు. ఇంకా నీ మొహం చూడబుద్ధి కావట్లేదు."

కత్తెర పది అడుగులు వెనక ఉండిపోయి, ఆ దూరం తగ్గకుండా నడిచింది.