గేటు మీది అంకె

మార్చి ఇరవై ఆరు. ఆ పొద్దున అక్కాచెల్లెళ్ళు తిన్నది ఒకే ఒక్క ఉడకబెట్టిన గుడ్డు. పార్సిల్ సంచులు కుట్టే దారాన్ని రెండు చేతుల వేళ్ళకూ చుట్టి, చెల్లెలు గుడ్డును సగానికి కోసింది.

"సొన నీవైపే ఎక్కువొచ్చిందే" అంది అక్క.

"అయితే ఇది నువ్వే తిను, గోల వదులుతుంది" అని చెల్లెలు ఆ సగాన్ని అక్క నోట్లో కుక్కేసింది.

తర్వాత అక్క తన మెడలోని పని కార్డు తీసి చెల్లెలి మెడలో వేసింది. ఆమె చేసిన తప్పు అదే. ఆ ఊళ్ళో ఆ తప్పు చెయ్యని మనిషి లేడు.

కొలువులు పెరుగుతున్నాయని మీరు పేపర్లో చదివే ఉంటారు. సముద్రానికి వందల మైళ్ళ దూరాన, నిన్న మొన్నటిదాకా మేకలు తిరిగిన మెట్ట మీద నాలుగు పెద్ద రోడ్లు కలిశాయి. రోడ్ల వెంట గోదాములు లేచాయి, గోదాముల వెంట ఇరుకు గదులు, గదుల వెంట అద్దెలు. పార్సిళ్ళ గోదాము గేటు మీద ఎర్ర దీపాలతో ఒక బోర్డు: 'ఇప్పటివరకు ఇచ్చిన ఉద్యోగాలు'. దాని కింద అంకె. అది పెరగడమే గాని తగ్గడం ఎవరూ చూడలేదు.

అదెలా పెరుగుతుందో పేపర్లో రాయరు. తొంభై రోజులు దాటితే పర్మనెంటు చెయ్యమంటారని, ఎనభై ఎనిమిదో సాయంత్రం కంట్రాక్టరు మనిషి కార్డు లాగేసుకుంటాడు. రెండు రోజులు ఖాళీ. మూడో రోజు అదే మనిషికి కొత్త నంబరు, కొత్త కార్డు. బోర్డు మీద ఒకటి పెరుగుతుంది. ఆ రెండు రోజులూ పస్తుండలేక, వారం సెలవులో ఉన్నవాళ్ళ కార్డు వేసుకుని పనికి పోతారు. మేస్త్రీకి తెలుసు. అతనికి చేతులు కావాలి, మెడలో ఎవరి కార్డుంటే ఏం? ఆ రోజు అక్కకు వారం సెలవు, చెల్లెలికి ఖాళీ రోజు.

పదకొండింటికి పక్కగది ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "నీ చెల్లెలి చెయ్యి పార్సిళ్ళ బెల్టులో పడిందే!"

అక్క చెప్పుల్లేకుండా పరుగెత్తింది. గేటు దగ్గర ఒక అట్టపెట్టె మీద చెల్లెలు కూర్చుని ఉంది. కుడిచేతికి సంచిగుడ్డ చుట్టారు, అది అప్పటికే తడిసిపోయింది. కార్డులు రాసే గుమాస్తా, నెరిసిన తల మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని ఆమె మోచేతిని పైకెత్తి పట్టుకున్నాడు. "ఇలాగే ఉంచు తల్లీ, రక్తం తగ్గుతుంది" అంటున్నాడు మెల్లగా.

కంట్రాక్టరు వచ్చాడు. వంగి చూసింది గాయాన్ని కాదు, కార్డుని.

"ఈ కార్డు ఎవరిది?"

"నాదే సార్" అంది అక్క.

"నీకేం కాలేదుగా?"

"లేదు సార్."

"మరి దెబ్బ తగిలిందెవరికి? నా లెక్కలో ఇవాళ ఈ పిల్ల లేదు. లేని మనిషికి దెబ్బెలా తగులుతుంది?" నవ్వాడు. అంతలో నవ్వు ఆపి, "కార్డు నువ్విచ్చావా? ఇస్తే మోసం. ఇద్దరూ లోపలికెళ్తారు. ఆలోచించుకుని చెప్పు."

అక్క నాలుక తనది కానట్టు కదిలింది. "పోయింది సార్. కార్డు పోయింది."

చెల్లెలు తల ఎత్తి చూసింది. ఆ చూపు కంటే చెంపదెబ్బ నయం.

"విన్నారుగా? దొంగ కార్డు" అన్నాడు కంట్రాక్టరు. "రేపు ఎనిమిదింటికి వచ్చి అదే మాట రాసిన కాగితం మీద సంతకం పెట్టు. నీ పనికి ఢోకా లేదు."

సాయంత్రం గదుల మధ్య కుళాయి దగ్గర అందరూ చేరారు. చెల్లెల్ని చేర్చిన ఆసుపత్రి వాళ్ళు ఎవరి కార్మికురాలో రాసివ్వమంటున్నారు. కంపెనీ రాసివ్వకపోతే కట్టుకట్టి పంపేస్తారు. ఆపరేషను లేదు, ఆ చెయ్యి ఇక పనికి రాదు.

లారీలెక్కించే పొడుగాయన్ని అందరూ బారెడు అంటారు. "ఇక్కడ కార్డు మార్చుకోనివాడు చెయ్యెత్తండి" అన్నాడు.

ఒక్క చెయ్యీ లేవలేదు.

"మార్చుకుంటే? బయటపడితే పనిపోద్ది" అన్నాడొకడు. "నాకు ముగ్గురు పిల్లలు. ఎవరికో దెబ్బ తగిలిందని నేను రోడ్డున పడనా?"

"ఎవరికో ఏంట్రా? రేపు బెల్టు నీ చెయ్యి లాగితే నువ్వూ లేని మనిషివే!" అన్నాడు బారెడు.

"కార్డు నేనే ఇచ్చాను" అంది అక్క. "నేనే ఇచ్చి, పోయిందన్నాను. నా చెల్లెల్ని దొంగని చేశాను."

ఎవరో థూ అన్నారు. ఊడ్చే ముసలమ్మ లేచి అక్క పక్కన చతికిలబడింది. "ఉమ్మినవాడు రేపు గేటు దగ్గర నిలబడి ఉమ్మితే చూస్తా. నేనైనా అదే అనేదాన్ని. భయం ఎవడి సొత్తు?"

గుమాస్తా చీకటి పడుతుండగా వచ్చాడు. చాలామంది మొహం తిప్పుకున్నారు. ఆయన నిలబడే మాట్లాడాడు.

"గేటు మీది ఆ అంకె మార్చేది నేనే. మూడున్నరేళ్ళుగా ఈ వేలితోనే. ఇవాళ అది తొమ్మిదివేల నాలుగొందల పన్నెండు."

"ఆ లెక్కన నేనొక్కణ్ణే పద్నాలుగు మందిని" అన్నాడు బారెడు. "అందుకే నా గది అంత ఇరుకు!"

భయంలోనే నవ్వొచ్చింది అందరికీ.

"లోపల నిజంగా ఎందరున్నారో నాకు తెలుసు" అన్నాడు గుమాస్తా. "మీకే తెలీదు. ఒకళ్ళనొకళ్ళు ఎప్పుడైనా లెక్కపెట్టుకున్నారా?"

పొద్దున ఎనిమిది. రాత్రి పనివాళ్ళు బయటికొచ్చే వేళ, పగటివాళ్ళు లోపలికెళ్ళే వేళ. బల్ల మీద కాగితం, పెన్ను. పక్కన ఇద్దరు పోలీసులు. అక్క వేళ్ళు పెన్ను చుట్టూ మూసుకోలేదు.

"పెట్టమ్మా, సంతకం. అవతల పనుంది" అన్నాడు కంట్రాక్టరు.

"కార్డు పోలేదు" అంది అక్క. "నేనే ఇచ్చాను. అందరం ఇస్తాం. మీకు తెలుసు."

కంట్రాక్టరు మొహం మారింది. "లోపలికి పోవాలనుందా?"

వెనకనుంచి ముసలమ్మ గొంతు వచ్చింది. "ఒకటి."

ఆమె తన కార్డు తీసి గేటు ముందు నేల మీద పెట్టింది. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. అయిపోయింది, ఇద్దరమే అనుకుంది అక్క.

"రెండు" అన్నాడు బారెడు.

"మూడు." ముగ్గురు పిల్లల తండ్రి గొంతు అది.

బయటికొచ్చేవాళ్ళు ఆగారు, లోపలికెళ్ళాల్సినవాళ్ళు ఆగారు. యాభై. నూట పది. కొన్ని గొంతులు కీచుగా, కొన్ని వినీ వినపడకుండా. బెల్టు ఖాళీగా తిరిగి తిరిగి ఆగిపోయింది. రోడ్డు మీద లారీల హారన్లు మోగాయి. మూడొందల నలభై. కంట్రాక్టరు అరిచాడు, తర్వాత ఫోను తీశాడు, తర్వాత బతిమాలాడు. ఐదొందలు. ఆరొందల పది.

"ఆరొందల పదకొండు" అని గుమాస్తా తన కార్డు కూడా పెట్టాడు.

గేటు మీద తొమ్మిదివేలు ఎర్రగా వెలుగుతున్నాయి.

"ఆరొందల పన్నెండు" అంది అక్క. "మా చెల్లెలు. ఆసుపత్రిలో ఉంది. నిన్న ఇక్కడ పనిచేసింది. రాసివ్వండి."

ఇంకో జీపు వచ్చింది. బారెణ్ణి, గుమాస్తానీ ఎక్కించారు. "నీ కోసం మళ్ళీ వస్తాం" అన్నారు అక్కతో. కానీ ఆ రోజు ఒక్క లారీ కదల్లేదు. మధ్యాహ్నం మూడింటికి ఆసుపత్రికి కాగితం వెళ్ళింది. 'మా కార్మికురాలే.' రెండే మాటలు. దాంతో మూడు వేళ్ళు నిలిచాయి, రెండు పోయాయి.

నాలుగోనాడు చెల్లెలు ఇంటికొచ్చింది. గేటు ఇంకా మూసే ఉంది, కార్డులు ఇంకా నేల మీదే ఉన్నాయి. జీపెక్కించిన ఇద్దరూ ఇంకా జైల్లోనే ఉన్నారు.

అక్క గుడ్డు ఉడకబెట్టింది. దారం ఒక కొస తను పట్టుకుంది, రెండో కొస చెల్లెలు ఎడమచేత్తో పట్టుకుంది. గుడ్డు వంకరగా తెగింది.

"ఆ రోజు అలా అన్నాను" అంది అక్క.

"సొన ఈసారి నావైపు ఎక్కువొచ్చింది" అంది చెల్లెలు. "నేనివ్వను."

చెల్లెలు పడుకున్నాక బయట అడుగుల చప్పుడైంది. అక్క తలుపు తీసి చూసింది. మెట్ల మీద ముసలమ్మ, పక్కగది ఆవిడ, ముగ్గురు పిల్లల తండ్రి, ఇంకా వెనక చాలామంది కూర్చుంటున్నారు.

"వాళ్ళొస్తే మమ్మల్ని దాటి రావాలి. నువ్వు పడుకో" అంది ముసలమ్మ.

వీధిదీపం వెలుగు చెల్లెలి కళ్ళ మీద పడుతోంది. అక్క చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది. గడియ మాత్రం పెట్టలేదు.