గోడవెంట మిగిలిన వరుస

1941 జూన్ 14, శనివారం. పొద్దున ఎనిమిది గంటలకు మణెమ్మ అనే కురుమ స్త్రీ ఇబ్రహీంపట్నం పశువుల దవాఖానకు ఒక పొట్టేలును తోలుకొచ్చింది. తన ముప్పై ఒక్క గొర్రెల్లో ఒక్కటీ చూలు కట్టలేదని డాక్టరు ఈశ్వరయ్యకు చెప్పింది.

మణెమ్మ భర్త చనిపోయి ఏడేళ్లయింది. అప్పుడు గొర్రెలు పదకొండు. ఆమె, మరిది జంగా కలిసి వాటిని ముప్పై ఒకటి చేశారు. పొట్టేళ్లు రెండు. మే 18న వాటిని మందలో స్వేచ్ఛగా వదిలారు. అవి గొర్రెలను దాటాయి. పదిహేడో రోజు నుంచి గొర్రెలు ఒక్కొక్కటే మళ్లీ ఎదకు వచ్చాయి. మంద గొడ్డుపోయిందని జంగా అనుకున్నాడు. మొత్తం మందను కోతకు కొంటానని మహేశ్వరం బేరగాడు కబురు పంపాడు. జూన్ 25న వస్తానన్నాడు. మంద పోతే మణెమ్మకు దొర పొలంలో కూలి తప్ప వేరే దారి లేదు.

ఈశ్వరయ్య పొట్టేలును చూశాడు. వృషణాలు చేతికి మెత్తగా తగిలాయి. పొట్టేలు హుషారు మాత్రం తగ్గలేదు. దవాఖాన గుంజను రెండుసార్లు కుమ్మింది. కోసి చూస్తే తప్ప లోపల ఏమైందో తెలియదని ఆయన చెప్పాడు. రెండో పొట్టేలును మరునాడు కులదేవుడు బీరప్పకు కోస్తున్నామని మణెమ్మ చెప్పింది. అది జంగా మొక్కు.

ఆదివారం ఈశ్వరయ్య మందునీళ్లు పోసిన ఒక సీసా పట్టుకుని బీరప్ప గుడికి వెళ్లాడు. పొట్టేలు తెగాక దాని బీజాలు తనకు కావాలని అడిగాడు.

"గవి కులపెద్ద పాలు, సారు," అన్నాడు జంగా. "మీకిస్తే ఆయన కూరల ఏమెయ్యాలె?"

కులపెద్ద బుగ్గయ్యకు డెబ్బై దాటాయి. "ఇయ్యిరా," అన్నాడు. "గవి తిని నేనిప్పుడు ఏం జెయ్యాలె?"

నవ్వులు ఆగాక జంగా వాటిని సీసాలో వేశాడు. సోమవారం ఈశ్వరయ్య సీసాను బస్సులో హైదరాబాదు తీసుకెళ్లాడు. అక్కడి ప్రయోగశాలలో వాటిని మైనంలో బిగించి, పలుచగా కోసి, రంగు పట్టించి, గాజు పలకల మీద పెట్టి ఇచ్చారు. వారం పట్టింది.

24న మణెమ్మ, జంగా దవాఖానకు వచ్చారు. ఈశ్వరయ్య మొదట వేరే పొట్టేలు పలకను మైక్రోస్కోపు కింద పెట్టాడు. అది ఆరోగ్యంగా ఉన్న పొట్టేలుది. గుండ్రటి గొట్టాలు పక్కపక్కన కనిపించాయి. ఒక్కో గొట్టంలో గోడ నుంచి మధ్యకు నాలుగైదు వరుసల కణాలు. గోడవెంట ఉన్నవి విత్తనం వంటివని ఆయన చెప్పాడు. అవి విడిపోతూ లోపలికి జరుగుతాయి. మధ్యకు చేరేసరికి తోకలున్న శుక్రకణాలవుతాయి. గోడ నుంచి మధ్య దాకా నిలబడ్డ పెద్ద కణాలు వాటిని సాకుతాయి. గొట్టాల సందుల్లో గుంపుగా ఉన్నవి పొట్టేలుకు మగతనం ఇస్తాయి.

తర్వాత బీరప్పకు కోసిన పొట్టేలు పలక పెట్టాడు. గొట్టాలు సన్నబడ్డాయి. మధ్యలో ఖాళీ. శుక్రకణం ఒక్కటి లేదు. సందుల్లోని కణాలు అట్లాగే ఉన్నాయి. పొట్టేళ్లు దాటినా చూలు నిలవకపోవడానికి కారణం ఇదేనని ఆయన చెప్పాడు.

మణెమ్మ చాలాసేపు చూసింది. "గోడకు ఒక వరుస ఉన్నది గద, సారు?"

"అవ్. గదే ఉండాలె."

కొన్ని గొట్టాల్లో రెండో వరుస కూడా మొదలైందని ఆయన చూపించాడు. గోడ వరుస బతికి ఉంది గనక ఇంటి దగ్గరున్న పొట్టేలుకు మిగతావి మళ్లీ పుడతాయి. జూలై ఆఖరు దాకా ఆగమన్నాడు.

ఆ కణాలకు ఒంటి వేడికన్నా చల్లదనం కావాలి. వేడి ఎక్కడ తగిలిందని ఆయన అడిగాడు. ఎండల్లో చూళ్లు కట్టకుండా పొట్టేలు పొట్ట కింద గొంగడి ముక్క వేలాడగట్టడం కురుమల ఆనవాయితీ. దాటబోతే అది అడ్డం వస్తుంది, గాలి మాత్రం ఆడుతుంది. ఈ ఏడు పొట్టేళ్లు దాన్ని పక్కకు తోస్తున్నాయని జంగా వెనక కొసను సంచీలా కుట్టి, వృషణాలకు తొడిగి బిగించాడు. శివరాత్రి నుంచి మే 18 దాకా విప్పలేదు.

"నేనే చేసిన, వదినె," అన్నాడు జంగా.

"మంద కోసమే చేసినవ్. ఫికర్ జెయ్యకు. గొర్లు ఉన్నయి గద."

మరునాడు బేరగాడు వచ్చాడు. మణెమ్మ అతనికి మజ్జిగ ఇచ్చి పంపింది.

జూలై 28న పొట్టేలు ఒక గొర్రెను దాటాక ఈశ్వరయ్య ఒక చుక్క వీర్యం తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. మణెమ్మను చూడమన్నాడు.

"బడి ఇడిసినట్టున్నది, సారు," అంది ఆమె. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

1942 జనవరి 2న మొదటి గొర్రె ఈనింది. నెలాఖరుకు ఇరవై ఏడు ఈనాయి.

ఫిబ్రవరి 2న మణెమ్మ, జంగా దవాఖానకు ఒక గొంగడి తెచ్చారు. ఉన్ని ఆమె వడికింది, అతను నేశాడు. ఈశ్వరయ్య వద్దన్నాడు.

"మా మంద నిలిచింది మీతోనే," అంది మణెమ్మ. "వద్దనకు, సారు."

"తీస్కో సారు," అన్నాడు జంగా. "దేనికీ తొడగకు, గంతే."

ఈశ్వరయ్య దాన్ని మైక్రోస్కోపు పెట్టె మీద కప్పాడు. మిగిలిన నాలుగు గొర్రెల్లో ఒకటి ఫిబ్రవరి 11న ఈనింది. ఆడపిల్ల.